వినేవాడి వాటా

ఆగస్టు 29 వచ్చిందంటే చాలు, ఎవరి గోడ మీద చూసినా గిడుగు రామమూర్తి గారి ఫొటోనే. "పిడుగు గిడుగు", "వాడుక భాషా పితామహుడు", నాలుగు సభలు, రెండు దండలు, తెలుగుని కాపాడుకుందాం అని ఒక తీర్మానం. దాని మీద నాకు ఫిర్యాదేం లేదు. కానీ ఆయన గురించి రాసే వ్యాసాలన్నీ ఒక విషయాన్ని ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకెళ్లిపోతాయి. ఆయనకి చెవుడు.

సవరల భాష నేర్చుకోవడానికి మన్యంలో తిరుగుతుంటే విషజ్వరం తగిలింది. అప్పట్లో మలేరియాకి క్వినైనే దిక్కు. అది వాడారు, జ్వరం తగ్గింది, వినికిడి పోయింది. లిపి లేని ఒక భాషని చెవితో పట్టుకుందామని వెళ్లిన మనిషి చెవి పోగొట్టుకుని వచ్చారన్నమాట. అయినా పని ఆపలేదు. 1931లో సవర భాషకి ఇంగ్లీషులో పెద్ద మాన్యువల్ వచ్చింది, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఆ మాన్యువల్ అట్ట మీద భాష పేరే 'సో:రా:' అని దీర్ఘాల గుర్తులతో సహా ఉంటుంది. వాళ్లు ఎలా పలుకుతారో అలాగే రాయాలన్న పట్టుదల అంతటిది.

ఆయన పుట్టిన పర్వతాలపేట వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి దగ్గర్లో ఉంది. ముఖలింగం గుళ్లోని శాసనాలు స్వయంగా చదివి, తూర్పు గాంగుల కళింగనగరం ఇదేనని చెప్పినవాళ్లలో ఆయనొకరు. ఆ ఊరికీ సవరలకీ సంబంధం పాతదే. అక్కడి స్థలపురాణంలో శివుడు బయటపడింది ఇప్పచెట్టు మొదట్లోంచి, ఆ చెట్టుని నరికించింది సవర నాయకుడు. అందుకే ఆయన మధుకేశ్వరుడు.

ఇంతకీ ఇదంతా ఎందుకంటే, శ్రీముఖలింగం మా అమ్మ పుట్టిల్లు. అక్కడ మా మావయ్యకి గుడి దగ్గర చిన్న కొబ్బరికాయల దుకాణం ఉంది. ఆయనకి ఆరేళ్ల వయసులో పెద్ద జ్వరం వచ్చి తగ్గాక వినికిడి చాలా మటుకు పోయింది. జ్వరం వల్లో, దానికి చేసిన సూదుల వల్లో ఇప్పుడు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. జెంటామైసిన్, కానమైసిన్ లాంటి ఇంజెక్షన్లకి ఆ గుణం ఉంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి వెంట్రుకల కణాలు చచ్చిపోతాయి, ముందుగా పోయేవి పై స్థాయి శబ్దాలని పట్టేవి, పోయినవి మళ్లీ మొలవవు. మెదడువాపు లాంటి జబ్బులూ అదే పని చేస్తాయి. ఆరేళ్లకే మాటలు వచ్చేశాయి కాబట్టి మావయ్య మాట్లాడతాడు. బాగా మాట్లాడతాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా మాట్లాడుతూనే ఉంటాడు. కాకపోతే కొత్తవాళ్లకి ఆ మాట అర్థం కాదు.

ఊళ్లో ఎవరికీ ఆ ఇబ్బంది లేదు. ఆయన "ఎక్కు" అంటే చెక్కు అని పక్క దుకాణం పిల్లాడికి కూడా తెలుసు. ఎలాగంటారా? మా వైపు యాసలో 'చ' చాలాసార్లు 'స' అవుతుంది, "చెప్పు" కాస్తా "సెప్పు" అవుతుంది. కాబట్టి చెక్కు సెక్కు అయింది. ఆ 'స' మావయ్యకి ఎప్పుడూ వినపడలేదు, వినపడని శబ్దం నోటి నుంచి కూడా జారిపోతుంది, కాబట్టి సెక్కు ఎక్కు అయింది. రెండు మెట్లు. ఊరివాళ్లు ఈ రెండు మెట్లూ ఆలోచించకుండా ఎక్కి దిగేస్తారు.

పోయినేడు ఆయన ఏటీఎం కార్డు బ్లాక్ అయింది. బ్యాంకు పేరు చెప్పను, అన్నీ ఇప్పుడు అలాగే ఉన్నాయి. హెల్ప్‌లైనుకి ఫోన్ చేస్తే ఇదివరకటిలా "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" లేదు. "మీ సమస్యని మీ మాటల్లో చెప్పండి" అంటోంది ఒక తియ్యటి గొంతు. ఫోన్‌ని స్పీకర్లో పెట్టి, చెవికి ఆనించుకుని, పక్క కుర్రాడు చేత్తో సైగ చేయగానే మావయ్య తన మాటల్లోనే చెప్పాడు. "క్షమించండి, మీ మాట అర్థం కాలేదు." మళ్లీ చెప్పాడు. ఇంకా గట్టిగా చెప్పాడు. మూడోసారి "ధన్యవాదాలు" అని పెట్టేసింది. "ఏటంతన్నాదిరా అది?" అని ఆ కుర్రాడిని అడిగాడట. వాడు చెప్పాడు. ఆ తర్వాత జరిగింది నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం. ఆ కుర్రాడే మావయ్యలా మాట్లాడి పని పూర్తి చేశాడు. అంటే పుట్టిన తేదీ, ఖాతా నంబరు, కార్డు వెనక అంకెలు, చివరికి ఓటీపీ, అన్నీ వాడి చేతిలో పెట్టాల్సి వచ్చింది. వాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. నలభయ్యేళ్లుగా లెక్క ఎవరికీ చెప్పకుండా దుకాణం నడుపుకున్న మనిషి తన డబ్బు గుట్టు ఇంకొకడికి అప్పజెప్పాడు. "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని ప్రతిరోజూ మెసేజి పంపే వ్యవస్థే ఆయన చేత ఆ పని చేయించింది.

ఈ కథ విన్నవాళ్లు ఠక్కున అనే మాట: "పాపం, ఆయన మాట స్పష్టంగా ఉండదు కదా". నా పేచీ అంతా ఈ వాక్యంతోనే. స్పష్టత అనేది మాట్లాడేవాడి నోట్లో ఉండే వస్తువు, రక్తంలో చక్కెర లాగా కొలిచి చెప్పవచ్చు అని మనందరి నమ్మకం. కానీ దాన్ని కొలిచేవాళ్లని అడగండి. మాట ఎంతవరకు అర్థమవుతోందో కొలవాలంటే ఇంకో మనిషిని కూర్చోబెట్టాలి. ఇతను మాట్లాడతాడు, అతను విన్నది రాస్తాడు, నూటికి ఎన్ని మాటలు సరిపోయాయో లెక్కేస్తారు. ఆ రెండో మనిషి లేకుండా పరీక్షే లేదు. రెండో మనిషిని మారిస్తే అంకె మారిపోతుంది.

కాక్లియర్ ఇంప్లాంట్ చేసిన పిల్లల కోసం ఇంగ్లాండులో నాటింగ్‌హాం వాళ్లు తయారుచేసిన ఐదు మెట్ల కొలమానం ఒకటుంది, చాలా దేశాల్లో వాడతారు. ఐదో మెట్టు: వినేవాళ్లందరికీ అర్థమవుతుంది. నాలుగు: బధిరుల మాటతో కొద్దిపాటి అలవాటున్న వాళ్లకి అర్థమవుతుంది. మూడు: శ్రద్ధ పెట్టి, పెదాలు చూస్తూ వింటే అర్థమవుతుంది. ఇవి మళ్లీ ఒకసారి చదవండి. పిల్లాడికి వేసే మార్కులే, కానీ పై మెట్లన్నిట్లోనూ వర్ణన వినేవాడిదే! అలవాటున్నవాడు, శ్రద్ధ పెట్టేవాడు, మొహం వైపు చూసేవాడు.

అమెరికాలో 1970లు, 80లలో, అంటే ఇంప్లాంట్లు ఇంకా పెద్దగా రాకముందు, పుట్టు చెవుడున్న పిల్లల మాటలతో చేసిన పరీక్షల్లో కొత్త శ్రోతలకి సగటున ఐదు మాటల్లో ఒకటే అర్థమయ్యేదని తేలింది. అవే రికార్డింగులని బధిరులతో పరిచయమున్నవాళ్లు వింటే అంతకన్నా ఎక్కువ అర్థమయ్యాయి. విడి మాటల కన్నా వాక్యాలు ఎక్కువ అర్థమయ్యాయి. మాట్లాడిన పిల్లలు వాళ్లే, టేపు అదే. మారింది వినేవాడు, సందర్భం. మా మావయ్య విషయంలో ముఖలింగం ఊరంతా నాలుగో మెట్టు మీద ఉంది, హెల్ప్‌లైన్ మిషను అసలు మెట్లే ఎక్కనంది. ఈయన మాట మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

తెలుగులో ఈ వ్యవహారం ఇంకొంచెం చిక్కు. బధిరుల మాటలో సాధారణంగా కనిపించే లక్షణాల్లో ఒకటి, అచ్చులు సాగడం. ఇంగ్లీషులో అచ్చు కాస్త సాగితే వినడానికి వింతగా ఉంటుందేమో గానీ మాట చాలావరకు బతుకుతుంది. మనకి "పడు" సాగితే "పాడు" అవుతుంది. "కల" సాగితే "కాల" అవుతుంది. ఒత్తులతోనూ ఇదే గొడవ, ఒక్క క్షణం నాలుక నిలిపితే "గది" కాస్తా "గద్ది". ఇక పెదాలు చూసి అర్థం చేసుకోవడం సంగతి. అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా "పాట, బాట, మాట" అనండి. మూడూ ఒకేలా ఉంటాయి. క, గ లైతే గొంతు వెనకెక్కడో పుడతాయి, బయటికి కనిపించవు. వినికిడి లేని పిల్లాడు భాషని ఈ చిల్లుల వలతోనే పట్టుకోవాలి. పట్టుకున్నది మనకి తిరిగి వినిపించినప్పుడు "స్పష్టంగా లేదు" అంటాం.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. మనలో టెలికామ్‌లో పనిచేసినవాళ్లకి తెలుసు, మామూలు ఫోన్ లైను మోసేది సుమారు 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ వరకే. 'స' అనే శబ్దం బలమంతా 4,000 పైన ఉంటుంది. అంటే ఫోన్ కూడా మా మావయ్య లాగే పై స్థాయిలు వినలేనిది! మీరు ఫోన్లో "సాయి" అంటే అవతలివాడికి ఆ 'స' నిజంగా చేరేది కొంచెమే, మిగతాది వాడి మెదడు పూరించుకుంటుంది. అందుకే ఫోన్లో ఎవరైనా కొత్త పేరు చెబితే "ఎస్ ఫర్ సీతనా, ఎఫ్ ఫర్ ఫాదరా" అని తన్నుకుంటాం. ఇప్పటి వోల్టీఈ కాల్స్‌లో 7,000 దాకా వెళ్లే కోడెక్కులు వచ్చాయి గానీ, కాల్ సెంటరు గడప దాటేసరికి చాలా చోట్ల మళ్లీ పాత 8 కిలోహెర్ట్‌జ్ శాంప్లింగుకే దిగిపోతుంది. మన అందరి మాటా ఫోన్లో సగం తెగే వెళుతుంది. అవతల మనిషి ఉన్నంతకాలం వాడు తన వాటా కలిపి దాన్ని నిండుగా చేసుకునేవాడు. అందుకే మనకి తెలియలేదు.

మహాశివరాత్రి తర్వాత ముఖలింగంలో చక్రతీర్థ స్నానాలు జరుగుతాయి. వంశధారలో జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉంటారు, ఒడిశా నుంచి కూడా వస్తారు. మావయ్యకి ఏడాదిలో అదే పెద్ద బేరం. నేను గమనించిన తమాషా ఏంటంటే, విశాఖపట్నం నుంచి కార్లలో వచ్చిన తెలుగువాళ్లతో కన్నా ఒడియా వాళ్లతో ఆయనకి బేరం సులువుగా తెగుతుంది. వాళ్లు ఎలాగూ సగమే అర్థమవుతుందని సిద్ధపడి వస్తారు. మొహం చూస్తారు, వేళ్లు చూస్తారు, "ఇదా? అదా?" అని కాయ పైకెత్తి అడుగుతారు. మనవాళ్లేమో మొదటి ముక్క అర్థం కాగానే మావయ్యని వదిలేసి పక్కనున్న అత్తతో "ఎంతమ్మా" అంటారు.

సరే, మన వృత్తి సంగతికి వద్దాం. మాటని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఎలా తయారవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వేల గంటల మాట, దాని పక్కన రాత, రెంటినీ కలిపి మోడల్‌కి తినిపిస్తాం. ఎవరి మాట తినిపించామో వాళ్ల మాటే దానికి వచ్చు. 2017లో గూగుల్ తెలుగులో మాటతో టైపింగు తెచ్చినప్పుడు ఆఫీసులో అందరం ఆడుకున్నాం. గుంటూరు కొలీగు మాట్లాడితే బాగానే రాసింది, మా శ్రీకాకుళం "ఎల్తన్నాను" దగ్గర తడబడింది. అప్పుడు నవ్వుకున్నాం. గిడుగు వారు వందేళ్ల కిందట గ్రాంథికం వాళ్లతో పడ్డ తగాదా గుర్తొచ్చింది నాకు. నాకు అర్థమైనంతలో ఆయన వాదన సారం ఇదే: జనం మాట్లాడేది తప్పు కాదు, మీ పుస్తకమే దానికి తగ్గట్టు మారాలి. ఇప్పుడు పుస్తకం స్థానంలో ట్రైనింగ్ డేటా ఉంది.

యాస సంగతి ఎవరో ఒకరు పట్టించుకుంటున్నారు. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం జిల్లాల వారీగా గొంతులు సేకరిస్తోంది, భాషిణి అని కేంద్ర ప్రభుత్వం ప్రాజెక్టు 2022 నుంచి నడుస్తోంది. కానీ యాస అనేది ఒక జిల్లా అంతటికీ ఉమ్మడి. బధిరుడి మాట అలా కాదు, ఎవరి వినికిడి ఎక్కడ తెగిందో వాళ్ల మాట అక్కడ తెగుతుంది. పక్షవాతం వచ్చి నాలుక మందగించినవాళ్లు, పార్కిన్సన్స్ వాళ్లు, నత్తి ఉన్నవాళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు, వీళ్లదీ అంతే. సగటు మోడల్ వీళ్లకి పనికి రాదు, ఒక్కొక్క మనిషిని నేర్చుకోవాలి.

అది అయ్యే పని కాదంటారా? అయింది. గూగుల్లోనే దిమిత్రీ కనెవ్‌స్కీ అని ఒక శాస్త్రవేత్త ఉన్నారు. చిన్నతనంలోనే వినికిడి పోయినవాడు, రష్యన్ మాతృభాష, ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్నది. ఆయన మాట కొత్తవాళ్లకి కష్టం, మామూలు మోడల్‌కి దాదాపు అసాధ్యం. ఆయనే కూర్చుని వేల వాక్యాలు చదివి రికార్డు చేసి మోడల్‌కి తన గొంతు నేర్పించారు. నేర్చుకుంది. 2019లో యూఫోనియా అనే ప్రాజెక్టుతో అది బయటికొచ్చింది. 2021లో రిలేట్ అనే యాప్‌ని ప్రయోగంగా వదిలారు, దాంట్లో వేలు కాదు, ఐదు వందల వాక్యాలు చదివితే చాలు అన్నారు, ఇంగ్లీషుకి. 2022లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం ఇలాంటి గొంతులు సేకరించే ప్రాజెక్టు మొదలుపెడితే అమెజాన్, యాపిల్, గూగుల్, మెటా, మైక్రోసాఫ్ట్ ఐదూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఐదూ కలిసి ఒక పని చేయడం ఎప్పుడైనా చూశారా? అంటే విషయం సైన్సు దాటి వచ్చేసింది. మిగిలింది కూర్చుని చేయడమే.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి చెప్పకపోతే తప్పు. పాత సిస్టములు అర్థం కాకపోతే అర్థం కాలేదనేవి. కొత్తవి అర్థం కాకపోయినా ఏదో ఒకటి చక్కటి వ్యాకరణంతో రాసేస్తాయి. ఓపెన్ ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్ మీద 2024లో వచ్చిన ఒక పరిశోధనలో సుమారు నూటికి ఒక రికార్డింగులో అది ఎవరూ అనని వాక్యాలు కల్పించిందని తేలింది. మెదడు దెబ్బతిని మాట కష్టమైనవాళ్ల విషయంలో ఆ కల్పన ఇంకొంచెం ఎక్కువ. వాళ్ల మాటల మధ్య ఖాళీలు ఎక్కువ కదా, ఆ ఖాళీలని అది తన కవిత్వంతో నింపుతుంది. బ్యాంకు లైన్లో మా మావయ్య "ఎక్కు బుక్కు" అంటే "అర్థం కాలేదు" అనడం చిరాకు. దాన్ని ఇంకేదో చక్కటి కోరికగా రాసుకుని "మీ అభ్యర్థన స్వీకరించబడింది" అనడం దోపిడీ.

"ఎంతమంది ఉంటారు బాస్ ఇలాంటివాళ్లు? ఎడ్జ్ కేస్" అనేది మీటింగుల్లో వినపడే మాట. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు, మాట లోపం ఉన్నవాళ్లు సుమారు 20 లక్షలు. అడిగిన ప్రశ్నకి అవునని చెప్పినవాళ్లే వీళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం ప్రపంచంలో 43 కోట్ల మందికి సాయం కావాల్సినంత వినికిడి లోపం ఉంది. పైగా ఈ క్లబ్బులో సభ్యత్వం ఎవరికైనా ఎప్పుడైనా దొరుకుతుంది, ఒక్క స్ట్రోకు చాలు.

ఇంకొందరు "ఇప్పుడు ఆపరేషన్ ఉంది కదా" అంటారు. ఉంది, మంచిదే. రాజశేఖర్ రెడ్డి గారి హయాంలో ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్లు పెట్టడం నిజంగా పెద్ద పని, లక్షలు పోయలేని ఇళ్లలో పిల్లలు విన్నారు, మాట్లాడారు. కానీ అది పసితనంలో జరగాలి. ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి మాటల శిక్షణ కావాలి, దానికి జలుమూరు మండలం నుంచి విశాఖ దాకా ఎన్నిసార్లు తిరగగలరు? బయటి యంత్రానికి వైరు తెగినా, బ్యాటరీ పోయినా మళ్లీ ఖర్చు. అన్నీ కుదిరిన పిల్లల్లో కూడా అందరూ ఐదో మెట్టు ఎక్కరు. అరవై దాటిన మా మావయ్యకి ఆ రైలు ఎప్పుడో వెళ్లిపోయింది. అన్నట్టు, అందరూ మాట్లాడి తీరాలని కూడా నా ఉద్దేశం కాదు. సైగల భాష నిండైన భాష, అదే తన భాష అనుకునేవాళ్లని నోటితో మాట్లాడమని వేధించడం ఇంకో రకం గ్రాంథికవాదం. మాట్లాడదలచుకున్నవాడి మాట విను, సైగ చేసేవాడికి తెర మీద దారి చూపించు. ఇంతే నేననేది.

ఇది మర్యాద కోసం చేసే పని కూడా కాదిప్పుడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులూ చూపులేనివాళ్లూ కేవైసీ కోసం "కళ్లు ఆర్పండి" అనే పరీక్ష దాటలేకపోతున్న కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పి బ్యాంకులకీ నియంత్రణ సంస్థలకీ ఇరవై ఆదేశాలిచ్చింది. అది కళ్ల గురించి. రేపు గొంతు గురించి రాదని ఎవరు చెప్పగలరు? 2022లో మామూలు ఫోన్ల కోసం యూపీఐ 123పే వచ్చింది, 2023లో మాటతో డబ్బు పంపే హలో యూపీఐని హిందీ, ఇంగ్లీషులతో మొదలుపెట్టారు. డబ్బు తాళంచెవి నోట్లోకి మారుతోంది. ఆ నోరు ఎవరిదో చూసుకోవాలి కదా.

నేను పనిచేసేది ఇలాంటి వాయిస్ సిస్టములు కట్టే టీములోనే. అందుకే చెబుతున్నాను, సగం సమస్యకి ఏఐ అక్కర్లేదు. మాట వినపడకపోయినా అంకె నొక్కే దారి ఎప్పుడూ తెరిచి ఉంచాలి. రెండోసారి అర్థం కాకపోతే మూడోసారి "గట్టిగా చెప్పండి" అనకూడదు, గట్టిగా అరిచినందువల్ల 'స' రాదు. "మీరడిగింది చెక్కు పుస్తకమా? అవునంటే ఒకటి నొక్కండి" అని మనిషిలా అడగాలి. ముఖలింగంలో ఒడియా యాత్రికుడు చేసేది అదే. కాల్ పెట్టేసే ముందు ఇలా ఆగిపోయినవాళ్ల నంబరుకి ఒక మెసేజి లింకు వెళ్లాలి, రాసి చెప్పుకునేందుకు. ఒకసారి మనిషి ఏజెంటు అర్థం చేసుకున్న కాలర్‌ని, వాళ్ల అనుమతితో, మోడల్ తన పాఠంగా దాచుకోవాలి. ఖచ్చితత్వం నివేదికలో 94 శాతం అని ఒకే అంకె రాయకూడదు, మిగతా ఆరుగురు ఎవరో రాయాలి. ఆ ఆరు ప్రతిసారీ వేరేవాళ్లయితే అది పొరపాటు. ప్రతిసారీ వాళ్లే అయితే అది తలుపు మూయడం.

గిడుగు వారు సవర నేర్చుకోవడానికి తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని తన ఇంట్లోనే ఉంచుకున్నారు. మద్రాసు ప్రభుత్వం ఈ కృషికి డబ్బివ్వబోతే, దాంతో సవర పిల్లలకి బడి పెట్టమన్నారు. మాకు డేటా కోసం వెండర్లున్నారు, నిశ్శబ్దమైన గదుల్లో ఇరవై అయిదేళ్ల గొంతులు గంటకింతని కొంటాం. ఆ గదిలోకి మా మావయ్య లాంటివాడు వస్తే క్వాలిటీ చెక్‌లో "ఆడియో అస్పష్టం" అని గుర్తు పెట్టి తీసేస్తారు. మోడల్ ఎవరిని నేర్చుకోవాలో వాళ్లనే ముందు ఏరేస్తున్నామన్నమాట.

మా ప్రాజెక్టులో మాట మధ్యలో ఎంతసేపు ఆగితే "అయిపోయింది" అనుకోవాలో చెప్పే ఒక సంఖ్య ఉంది. 800 మిల్లీసెకన్లు. మా మావయ్య ఊపిరి తీసుకోవడానికే అంత పడుతుంది. దాన్ని 2,000 చేయమని మార్చిలో టికెట్ పెట్టాను. ఒక్క లైను మార్పు. సగటు కాల్ సమయం పెరుగుతుందని ప్రొడక్ట్ మేనేజరు అభ్యంతరం. అందరికీ వద్దు, మొదటిసారి అర్థం కాని కాల్స్‌కి మాత్రమే పెంచుదామని తిరిగి రాశాను. ఇప్పటికి మూడు స్ప్రింటులు దాటింది. ప్రయారిటీ 4 నుంచి 3కి వచ్చింది.